సెకండ్ హ్యాండ్ స్కూటర్: పాత ఓనరు చేసిన తప్పు రిపేర్లను విప్పి సరిచేయడం

పాతబడిన స్కూటర్‌ని బాగుచేయడం వేరు, చెడగొట్టిన స్కూటర్‌ని బాగుచేయడం వేరు. వయసుతో అరిగేవి ఏవో మనకి ముందే తెలుసు: బ్రేక్ షూలు, కేబుళ్లు, ఆయిల్ సీళ్లు, బేరింగులు, రబ్బరు సామాను. వాటిని వరుసగా మార్చుకుంటూ పోతే బండి దారికొస్తుంది. తెలియని చేయి పడిన బండి అలా కాదు. ఏ బోల్టుకి మర పోయిందో, ఏ వైరు తెగి టేపు కింద దాక్కుందో విప్పేదాకా తెలియదు.

ఇలాంటి బండి దగ్గర ఒక్క విషయం గుర్తుంటే సగం పని తేలికవుతుంది. ప్రతి తప్పు రిపేరు వెనకా ఒక అసలు లోపం ఉంటుంది. ఫ్యూజు బదులు రాగి తీగ ఎవరూ సరదాకి చుట్టరు. ఎక్కడో షార్ట్ అయి ఫ్యూజులు వరసపెట్టి కాలిపోతుంటే విసిగిపోయి చుట్టి ఉంటారు. ఆ తీగ పీకేసి కొత్త ఫ్యూజు వేస్తే మీదీ కాలిపోతుంది. కాబట్టి తప్పు రిపేరు కనబడగానే పీకేయకండి. “ఇలా ఎందుకు చేయాల్సి వచ్చింది?” అని ముందు అడగండి. ఈ మార్గదర్శి మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా గేర్లు ఉన్న పాత టూ-స్ట్రోక్ స్కూటర్ల గురించి. అంటే 1946లో పియాజియో తెచ్చిన వెస్పా పద్ధతిలో, రేకు బాడీయే ఛాసిస్‌గా ఉండే బళ్లు. మీది గేర్లు లేని ఫోర్-స్ట్రోక్ బండి అయినా బ్రేకులు, మరలు, వైరింగ్, రంగు గురించి రాసినవన్నీ దానికీ పనికొస్తాయి.

విప్పకముందు చూడాల్సినవి

తొందరపడి స్పానర్ పట్టుకోకండి. ముందు బండి చుట్టూ తీరిగ్గా తిరిగి చూడండి, ఫోన్‌లో ఫోటోలు తీయండి. బ్రేకులు, చక్రాలు, హ్యాండిల్ చూసుకునే దాకా బండి నడపొద్దు, “ఒక్క రౌండ్” అని కూడా వద్దు.

కొన్ని గుర్తులు చూడగానే విషయం చెప్పేస్తాయి. మూలలు అరిగి గుండ్రంగా అయిన నట్టు అంటే సైజు కాని పానాతోనో, కటింగ్ ప్లేయర్‌తోనో తిప్పారని. పక్కపక్కన ఉన్న రెండు బోల్టుల తలలు వేరువేరు సైజుల్లో ఉంటే, ఒకదాని మర పోయి పెద్దది ఎక్కించారని. ఇంజిన్ జాయింట్లలోంచి సిలికాన్ గమ్ బయటికి పొంగి ఉంటే లోపలికీ అంతే పొంగి ఉంటుంది. ఇంజిన్ కేసింగ్ మీద ఉలి గాట్లు, మ్యాగ్నెట్ (ఇంజిన్ పక్కన తిరుగుతూ కరెంటు పుట్టించే చక్రం) రెక్కలు విరిగి ఉండటం అంటే దాన్ని లాగే పుల్లర్ అనే పనిముట్టు లేకుండా సుత్తితో కొట్టారని.

రంగు విషయంలో ఇంకా జాగ్రత్త. కొత్తగా మెరిసే బండిలో రబ్బరు బీడింగ్ మీద, స్క్రూ తలల మీద, వైర్ల మీద కూడా రంగు పడి ఉంటే ఏమీ విప్పకుండానే స్ప్రే కొట్టారన్నమాట. చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ అంతా తాకిస్తూ పోండి. ఎక్కడ పట్టు వదిలేస్తుందో అక్కడ రంగు కింద మందంగా లప్పం ఉంది. ఫ్లోర్, వెనక చక్రం పైభాగం, ఇంజిన్ బిగించే చోటు మరీ శ్రద్ధగా చూడండి. రేకే ఛాసిస్ కాబట్టి అక్కడ తుప్పు పడితే అందం పోవడం ఒక్కటే కాదు, బండి బలమే పోతుంది. ఆ భాగాలు తుప్పు పట్టి ఊడుతున్నాయంటే ఇంజిన్ మీద ఒక్క రూపాయి పెట్టకముందే బాడీ నిలుస్తుందా లేదా తేల్చుకోవాలి.

పనిముట్లు

సరైన పనిముట్లు లేకపోవడం వల్లే ఈ బండి ఈ స్థితికి వచ్చింది, ఇక్కడ పిసినారితనం పనికిరాదు. మ్యాగ్నెట్ పుల్లర్, దాన్ని తిరగకుండా పట్టే హోల్డర్, మీ మోడల్ క్లచ్ నట్టుకి సరిపోయే పానా, సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్, మల్టీమీటర్, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్. వీటితో పాటు 11 మి.మీ. సాకెట్ తప్పకుండా ఉండాలి. వెస్పా తరహా ఇంజిన్లలో 7 మి.మీ. స్టడ్లు (తల లేని మర కడ్డీలు) చాలా ఉంటాయి, వాటి నట్లకి 11 సైజే పడుతుంది. 11 పానా మామూలు సెట్లలో చాలాసార్లు ఉండదు. అందుకే 12తోనో, అడ్జస్టబుల్ స్పానర్‌తోనో తిప్పి నట్టు తల అరగదీస్తారు.

ముందు చక్రాలు, బ్రేకులు, హ్యాండిల్

ఇంజిన్ స్టార్ట్ చేసి చూడాలనే ఆత్రం అందరికీ ఉంటుంది. కానీ ముందు బండి ఆగాలి, ఆ తర్వాతే కదలాలి.

ఈ స్కూటర్ల రిమ్ రెండు ముక్కలుగా ఉంటుంది. చక్రాన్ని డ్రమ్‌కి బిగించే నట్లు వేరు, రిమ్ రెండు ముక్కల్ని కలిపే నట్లు వేరు. ట్యూబులో గాలి ఉండగా రిమ్ కలిపే నట్లు విప్పితే ఆ ముక్కలు ఒక్కసారిగా విడిపోయి ముఖానికో చేతికో తగులుతాయి. విప్పే ముందు వాల్వ్ పిన్ తీసి గాలి పూర్తిగా పోనివ్వండి. టైరు ఎక్కించాక గాలి కొట్టే ముందు ఆ నట్లన్నీ బిగుతుగా ఉన్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. కొన్ని బళ్లలో నట్లకింద స్ప్రింగ్ వాషర్లు లేకుండానే బిగించేసి ఉంటారు, అవి వేయండి.

వెనక డ్రమ్ మధ్యలో ఉన్న పెద్ద నట్టు మీద గాట్ల టోపీ, దానిలోంచి స్ప్లిట్ పిన్ ఉండాలి. చాలా బళ్లలో ఆ పిన్ ఉండదు, లేకపోతే దాని బదులు మేకో, తీగో దూర్చి ఉంటుంది. ఈ నట్టు ఊడితే వెనక చక్రం ఊడినట్టే. పిన్ లేదంటే డ్రమ్ తీసి లోపలి స్ప్లైన్లు (ఇరుసుని పట్టే గాళ్లు) చూడండి. నట్టు వదులుగా ఉన్న బండి ఎన్నాళ్లో నడిస్తే అవి అరిగిపోతాయి, అప్పుడు డ్రమ్ మార్చడం తప్ప దారి లేదు.

బ్రేక్ షూల దుమ్ముని గాలితో ఊదొద్దు. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. మాస్క్ పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి. షూలు జిడ్డుగా ఉంటే పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించడం పాత ఓనరు పద్ధతి. మీరు ఆ జిడ్డు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. వెనకవైపైతే గేరుబాక్సు నుంచి వచ్చే ఆయిల్ సీల్ పోయి ఉంటుంది. సీల్ మార్చకుండా షూలు మారిస్తే కొత్తవీ త్వరలోనే జిడ్డెక్కుతాయి.

హ్యాండిల్ తిప్పి చూస్తే మధ్యలో ఒకచోట ఆగి పట్టేస్తోందా? బేరింగ్ గిన్నెల్లో గుంటలు పడ్డాయి. వాటి ఆట తెలియకుండా నట్టు బాగా బిగించేసి ఉంటారు. గిన్నెలు, బాల్స్ సెట్టుగా మార్చండి. వదులు చేస్తే ఆడుతుంది, బిగిస్తే పట్టేస్తుంది, మధ్యేమార్గం లేదు.

పట్టేసిన బోల్టులు, పోయిన మరలు

పట్టేసిన బోల్టు మీద బలం చూపించొద్దు, సమయం చూపించండి. తుప్పు వదిలించే ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు బోల్టు తల మీద సుత్తితో నిటారుగా నాలుగు దెబ్బలు కొట్టండి. కదలకపోతే చుట్టూ ఉన్న అల్యూమినియంని హీట్ గన్‌తో వేడి చేయండి. ఇనుము కన్నా అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది, పట్టు సడలుతుంది. పెట్రోలు ట్యాంకు, కార్బొరేటర్ బండి మీద ఉండగా మంట దగ్గరికి తేవద్దు. ముందు కాస్త బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పండి. అలా అటూఇటూ ఆడిస్తూ వస్తే తుప్పు పొడిగా రాలుతుంది.

మర పోయిన చోట పాత ఓనరు చేసేవి మూడే మూడు: పెద్ద బోల్టు దూర్చడం, దారమో టేపో చుట్టి బిగించడం, ఎంసీల్ పెట్టేయడం. అసలు పద్ధతి హెలికాయిల్. కొత్త స్టీలు చుట్టని ఎక్కించి పాత సైజు మరనే మళ్లీ తెచ్చుకోవడం. పోయిన మరని ముందు కిట్‌లో ఇచ్చిన సైజు డ్రిల్‌తో శుభ్రం చేయాలి, తర్వాత కిట్‌లోని ట్యాప్‌తో కొత్త మర కోయాలి, చుట్టని ఒక పావు చుట్టు లోపలికి దిగేలా ఎక్కించాలి, కిందనున్న చిన్న నాలుకని విరిచి బయటికి తీసేయాలి. డ్రిల్ నిటారుగా దిగాలి. చేతిలో డ్రిల్లు కాస్త వంగినా సిలిండర్ హెడ్ స్టడ్ వంకరగా నిలబడి హెడ్ కూర్చోదు. ఇది చేయి వణికే పని. నమ్మకం లేకపోతే ఈ ఒక్కదానికి మాత్రం లేతు పనివాళ్ల దగ్గరికి వెళ్లండి.

7 మి.మీ. స్టడ్ స్థానంలో 8 మి.మీ. మర కొట్టేసి ఉంటే, అది నిటారుగా ఉండి గట్టిగా పట్టుకుంటుంటే వదిలేయొచ్చు. తప్పుగా చేసిన ప్రతిదాన్నీ తిరగదోడాల్సిన పని లేదు. పట్టు బాగుండి, సీలింగ్ బాగుండి, మళ్లీ విప్పడానికి వీలుంటే అది నిలుస్తుంది.

వైరింగ్

హెడ్‌లైట్ విప్పగానే టేపు ముద్దలు బయటపడితే వాటిని ఒక్కొక్కటిగా సరిచేద్దామనుకోకండి. అతుకులు నాలుగైదు దాటితే కొత్త హార్నెస్ (మొత్తం వైర్ల కట్ట) కొనడమే నయం. రంగు రంగుల వైర్లు వాటి చోటికి వాటికి దొరుకుతాయి, రేపు మరొకరు చూసినా అర్థమవుతుంది.

పాత హార్నెస్ ఉంచుదామనుకుంటే మల్టీమీటర్‌తో ఒక్కో వైరు చివర నుంచి చివర దాకా చూడండి. మీటర్ బీప్‌మని మోగినంత మాత్రాన వైరు బాగుందని కాదు. పది పోగుల్లో ఒక్కటి మిగిలినా మీటర్ మోగుతుంది, లైటు మాత్రం మసకగానే వెలుగుతుంది. అందుకే లోడ్ మీద చూడాలి. లైటు వెలుగుతుండగా జాయింట్‌కి అటూఇటూ మీటర్ పెడితే అక్కడ ఎంత వోల్టేజ్ పోతుందో కనిపిస్తుంది. అర వోల్టు పోతోందంటే ఆ జాయింట్ తీసేయాల్సిందే. బాడీకి ఎర్త్ తగిలే చోట రంగు ఉందేమో చూడండి. కొత్తగా రంగు వేసిన బళ్లలో లైట్లు వెలగకపోవడానికి తరచుగా ఇదే కారణం. అక్కడ రంగు గీకి లోహం తేల్చి బిగించండి.

హ్యాండిల్ ఒక పక్కకి తిప్పగానే ఇంజిన్ ఆగిపోతే కార్బొరేటర్ జోలికి పోకండి. హ్యాండిల్ మెడ దగ్గర ఇంజిన్ ఆపే స్విచ్ వైరు ఒరుసుకుని ఎర్త్ అవుతోంది. ఇలాంటి ఒక బండికి కార్బొరేటర్, ప్లగ్, కాయిల్ అన్నీ మార్చేసి ఉండటం చూశాను. తప్పు అంగుళం పొడవు ఉన్న వైరులో ఉంది.

బ్యాటరీ, రెగ్యులేటర్ లేని పాత మోడళ్లలో బల్బులు వాటేజ్ ప్రకారమే ఉండాలి. అక్కడ మ్యాగ్నెట్ పుట్టించే కరెంటుని బల్బులే పంచుకుంటాయి. ఒకటి కాలిపోతే మిగిలిన వాటి మీద వోల్టేజ్ పెరిగి అవీ వరుసగా పోతాయి. పదేపదే బల్బులు పోతున్నాయంటే మొదట పోయింది ఏదో చూడండి, దాని వైరూ చూడండి. బ్యాటరీ ఉన్న 12 వోల్టుల బండిలో ఇంజిన్ ఆపి చూస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ కాస్త రేజ్ చేసి చూస్తే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి.

ఇంజిన్: గాలి ఎక్కడ లీకవుతోంది?

టూ-స్ట్రోక్ ఇంజిన్లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం క్రాంక్ కేస్ (పిస్టన్ తిప్పే క్రాంక్ ఉండే పెట్టె) గుండానే సిలిండర్‌కి వెళ్తుంది. కాబట్టి క్రాంక్ కేస్‌కి ఎక్కడ చిల్లు పడినా లోపలికి అదనపు గాలి దూరుతుంది. మిశ్రమం పలచనవుతుంది, వేడి పెరుగుతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. పాత ఓనర్లు దీన్ని రెండు రకాలుగా కప్పిపుచ్చుతారు. ఐడ్లింగ్ పెరుగుతుంటే ఐడ్లింగ్ స్క్రూ తగ్గిస్తారు. బండి వేడెక్కుతుంటే కార్బొరేటర్‌లో పెద్ద మెయిన్ జెట్ (పెట్రోలు కొలిచి వదిలే రంధ్రం ఉన్న చిన్న ముక్క) వేస్తారు. బండి నడుస్తుంది, లీకు మాత్రం అలాగే ఉంటుంది.

జెట్ల మీద నంబరు ఉంటుంది, దాన్ని మీ మోడల్ మాన్యువల్‌తో పోల్చండి. నంబరు సరిగ్గానే ఉన్నా నమ్మలేం. సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేసిన జెట్ రంధ్రం పెద్దదైపోయి ఉంటుంది. జెట్‌ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తే రంధ్రం అంచు గుండ్రంగా కాకుండా గీతలు పడి కనిపిస్తుంది. అలాంటిదాన్ని పారేసి కొత్తది తీసుకోండి. జెట్‌ని శుభ్రం చేయాలంటే కార్బొరేటర్ క్లీనర్, గాలి చాలు, తీగ వద్దు.

కార్బొరేటర్ బిగించే బోల్టుల్ని బలంగా బిగిస్తే దాని అడుగు వంగిపోతుంది. లోపల స్లైడ్ పట్టేస్తుంది, గాలి లీకవుతుంది. అడుగుని గాజు పలక మీద పెట్టి ఏ మూలైనా ఊగుతుందేమో చూడండి. ఊగితే ఆ గాజు మీదే సన్న ఎమెరీ పేపర్ పరిచి, కొద్దిగా ఆయిల్ వేసి, ఎనిమిది ఆకారంలో రుద్దుతూ చదును చేయండి. తర్వాత కొత్త ప్యాకింగ్ వేసి, రెండు బోల్టులూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. గమ్ పూయొద్దు. ఆయిల్ పంపు ఉన్న మోడళ్లలో ప్యాకింగ్‌లో ఆయిల్ రంధ్రాలుంటాయి. గమ్ పొంగి వాటిని మూసేస్తే ఇంజిన్‌కి ఆయిల్ అందదు. కార్బొరేటర్ చుట్టూ గమ్ కనిపిస్తే ఆ రంధ్రాలన్నీ గీకి, ఊది చూసుకోవాల్సిందే.

లీకు కనిపెట్టడానికి నమ్మకమైన పద్ధతి ప్రెషర్ టెస్ట్. ఇన్లెట్, ఎగ్జాస్ట్ రబ్బరు బిరడాలతో మూసి, ప్లగ్ బిగించి ఉంచి, ఒక బిరడాలోంచి గేజ్ ఉన్న చేతి పంపుతో మెల్లగా 6 పీఎస్ఐ దాకా కొట్టండి. అంతకు మించొద్దు, సీళ్లు తిరగబడతాయి. ముల్లు నిలబడాలి. దిగుతోందంటే హెడ్, సిలిండర్ అడుగు, కేసింగ్ జాయింట్, మ్యాగ్నెట్ వెనక సీల్ దగ్గర సబ్బు నీళ్లు రాయండి, బుడగలు వచ్చే చోటే లీకు. బయట ఎక్కడా బుడగ రాకుండా గేజ్ దిగుతుంటే అది క్లచ్ వైపు సీల్. దానికి ఇంకో గుర్తు కూడా ఉంది. తెల్లటి దట్టమైన పొగ, గేర్ ఆయిల్ తగ్గిపోవడం. కొన్నిసార్లు తిరగబడి గేర్ ఆయిల్‌లోకే పెట్రోలు దిగుతుంది. ఆయిల్ ప్లగ్ విప్పి వాసన చూస్తే తెలిసిపోతుంది. పాత ఓనరు ఈ లోపాన్ని తరచూ గేర్ ఆయిల్ పోస్తూ నెట్టుకొచ్చి ఉంటారు.

మ్యాగ్నెట్ తీయడానికి పుల్లర్ తప్ప మరో మార్గం వద్దు. సుత్తితో కొడితే అయస్కాంతం పగులుతుంది, స్పార్క్ బలహీనపడుతుంది, క్రాంక్ వంగుతుంది. తీశాక క్రాంక్ చివరి కోన్‌నీ, అర్ధచంద్రాకారపు చిన్న కీనీ చూడండి. మ్యాగ్నెట్‌ని నిలబెట్టేది ఆ కోన్ పట్టే. కీ దాన్ని సరైన చోట కూర్చోబెడుతుందంతే. కీ తెగి ఉందంటే నట్టు చాలినంత బిగించలేదని, కోన్ మీద జారిందని అర్థం. కీ ఒక్కటి మార్చి ఊరుకోకుండా కోన్ మీద గీతలు పోయేలా సన్న పేస్టుతో మ్యాగ్నెట్‌ని దాని మీద తిప్పి కూర్చోబెట్టండి, పేస్టు మొత్తం కడిగేయండి, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి నట్టు బిగించండి. కోన్ లోతుగా తినేసి ఉంటే క్రాంక్ మార్చాలి.

పాయింట్లు (స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు) ఉన్న మోడళ్లలో వాటి గ్యాప్ 0.4 మి.మీ. దగ్గర పెట్టాక టైమింగ్ గుర్తులు కలిశాయో చూడండి. టైమింగ్ కలవకపోతే గ్యాప్‌తో సర్దొద్దు, కాయిల్ ప్లేట్‌ని తిప్పి సర్దాలి. ప్లేట్ నుంచి వచ్చే వైర్ల తొడుగు పెళుసుగా విరుగుతోందంటే అవి అన్నీ ఒకేసారి మార్చేయండి.

కేబుళ్లు, ట్యాంకు

కేబుళ్ల పని త్వరగా అయిపోతుంది. ముడి వేసి పొడిగించినవి, పోగులు విడిపోయినవి అన్నీ మార్చండి. కొత్తవి ఎక్కించే ముందు ఆయిల్ పట్టించండి. గేర్లు సరిగ్గా పడట్లేదని హ్యాండిల్ దగ్గర వంచిన రేకు ముక్కో, అదనపు స్ప్రింగో ఉంటే తీసేయండి, రెండు గేర్ కేబుళ్లని సరిగా సర్దితే వాటి అవసరమే ఉండదు. సర్దాక కూడా పడకపోతే ఇంజిన్ వైపు, గేర్లు మార్చే సెలెక్టర్ చూడాలి.

ట్యాంకులో తుప్పు ఉంటే పెట్రోలు పూర్తిగా కడిగి ఆరబెట్టి, నీళ్లలో కలిపిన సిట్రిక్ యాసిడ్ పోసి కొన్ని గంటలు ఉంచండి. తర్వాత వంట సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, ఆయిల్ కలిపిన పెట్రోలు తిప్పండి. ఆలస్యం చేస్తే కళ్ల ముందే మళ్లీ తుప్పు పడుతుంది. బండి కాస్త దూరం పోయి ఆగి, మూత తీస్తే మళ్లీ స్టార్ట్ అవుతుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట.

బాడీ, రంగు ఆఖర్న

లప్పం తట్టి రాలగొట్టండి, రంగు గీకేయండి. కింద ఎంత ఘోరం ఉన్నా చూడాల్సిందే. తుప్పు మీద పుట్టీ పెట్టి రంగు కొట్టడం మసిపూసి మారేడుకాయ చేయడమే, కింద తుప్పు మాత్రం తినేస్తూనే ఉంటుంది. తుప్పు పట్టిన రేకుని మంచి లోహం వచ్చే దాకా కోసి, అదే మందం రేకు పెట్టి వెల్డింగ్ చేయించాలి. తుప్పు మీద తుప్పు అతికించిన పాత ప్యాచీలు మొత్తం తీసేయాలి. వెల్డింగ్ ముందు ట్యాంకు బండి మీద నుంచి తీసి దూరంగా పెట్టించండి. ఫ్లోర్ మార్చేటప్పుడు బాడీ వంగకుండా ముందే కొలతలు రాసుకుని, అడ్డంగా పట్టీలు వెల్డ్ చేసి నిలబెట్టాలి.

పుట్టీ 3 మి.మీ. దాటకూడదు. అంతకంటే లోతున్న సొట్టని ముందు వెనకనుంచి కొట్టి సరిచేయాలి. పుట్టీని 180 పేపర్‌తో, తర్వాత 320తో రుద్ది, ప్రైమర్ వేసి, 400 నుంచి 800 దాకా నీళ్లతో రుద్దుకుంటూ పోండి. గట్టిపరిచే ద్రవం కలిపే టూ-కే రంగుల్లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకి ప్రమాదం. మామూలు గుడ్డ మాస్క్ దాన్ని ఆపదు. బయటి గాలి అందించే మాస్క్ లేకపోతే ఆ పని పెయింటర్‌కి అప్పగించండి. ఇంజిన్, వైరింగ్ పూర్తిగా సరిపోయాయని నమ్మకం కుదిరాక, బండి ఒకసారి రంగు లేకుండానే కట్టి చూశాక రంగు వేయించడం మేలు. లేకపోతే కొత్త రంగు మీద గీతలు పడుతూనే ఉంటాయి.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు

గేర్ ఆయిల్ ఎస్ఏఈ 30, వెస్పా పీఎక్స్ తరహా ఇంజిన్లకి 250 మి.లీ. పోయాలి. పెట్రోలులో కలిపే ఆయిల్ 2 శాతం, అంటే లీటరుకి 20 మి.లీ., మీ మోడల్ మాన్యువల్ వేరే చెబితే దాన్నే అనుసరించండి. ప్లగ్ గ్యాప్ 0.6 మి.మీ. దగ్గర ఉంచండి.

స్టార్ట్ అయ్యాక కొన్ని నిమిషాలు నడిపి ఆపేయండి, పూర్తిగా చల్లారనివ్వండి. చల్లారాక సిలిండర్ హెడ్ నట్లు ఎదురెదురు వరుసలో టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. వేడిగా ఉండగా బిగించొద్దు. మొదట్లో థ్రాటిల్ సగం దాటొద్దు, ఒకే వేగంతో ఎక్కువసేపు పోవద్దు. నడిపి వచ్చాక ప్లగ్ తీసి చూడండి. గోధుమ రంగులో ఉంటే సరిపోయింది. తెల్లగా కాలినట్టుంటే మిశ్రమం పలచగా ఉంది, బండి ఆపి లీకు వెతకండి, జెట్ మార్చి సరిపెట్టొద్దు. నడుస్తుండగా ఇంజిన్ శబ్దం మారి బలం తగ్గిపోతున్నట్టు అనిపిస్తే ఆలోచించకుండా క్లచ్ నొక్కేయండి, పిస్టన్ పట్టేసినా వెనక చక్రం లాక్ కాదు.

కొద్ది రోజులు తిరిగాక గేర్ ఆయిల్ దింపి, డ్రెయిన్ బోల్టుకి ఏం అంటిందో చూడండి. సన్నటి బూడిదరంగు పేస్టు మామూలే. లోహపు ముక్కలు వస్తే గేరుబాక్సు విప్పాలి. అప్పుడే వెనక డ్రమ్ నట్టు పిన్, రిమ్ నట్లు, సైలెన్సర్ బోల్టు, ఇంజిన్ ఎర్త్ మరోసారి చూసుకుని కొత్త ఆయిల్ పోయండి.